శిక్ష వెనక మనిషి: తెలుగు నేలపై శిక్షల, జైళ్ల సంస్కరణ చరిత్ర

9.1 రెండు ప్రశ్నలు

హైదరాబాదుకు నైరుతి దిక్కున, శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారికి ఒక పక్కగా హిమాయత్ సాగర్ ఉంది. 1908లో మూసీ వరదలు నగరాన్ని ముంచెత్తిన తరవాత కట్టించిన రెండు జలాశయాల్లో ఇది ఒకటి. దీని సమీపంలో నిజాం కాలపు కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరుతో రాష్ట్ర పోలీసు అకాడమీ నడుస్తోంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో శిక్షల చరిత్ర మీద అక్కడ కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాను. ఒకసారి శిక్షణలో ఉన్న ఒక యువ ఎస్సై లేచి, "సార్, రాత్రింబవళ్లు తిరిగి సాక్షులను కోర్టుకు తెస్తాం. చివరికి ఆరు నెలలు వేసి వదిలేస్తారు. ఇది న్యాయమేనా?" అని అడిగాడు.

సరిగ్గా ఆ నెలలోనే నగరానికి మరో కొసన ఉన్న ఒక జైలులోని అధ్యయన కేంద్రంలో తరగతి చెప్పాల్సి వచ్చింది. మన సార్వత్రిక విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో ఖైదీలు కూడా ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. అక్కడ బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్న ఒకాయన తరగతి అయ్యాక ఆగి, "సార్, నా పక్క బ్యారక్‌లో ఉన్నతను చేసిందీ, నేను చేసిందీ ఒకే రకం దొంగతనం. ఇద్దరికీ అదే మొదటి కేసు. అతనికి ఏడాది పడింది, నాకు మూడేళ్లు పడ్డాయి. కోర్టులు వేరు, అంతే. ఎందుకిలా?" అన్నారు.

ఇద్దరూ అడిగింది ఒకటే. శిక్ష ఎంత ఉండాలో ఎవరు, దేన్ని చూసి నిర్ణయిస్తారు? ఈ భాగంలో ఈ ప్రశ్నను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల నుంచి వెళ్లిన కొన్ని కేసుల ఆధారంగా పరిశీలిద్దాం. మన చట్టం శిక్షకు పై హద్దు గీసి, ఆ లోపల ఎంతన్నది న్యాయమూర్తికి వదిలిపెట్టింది. పాత శిక్షాస్మృతి 379వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు వేయవచ్చు, జరిమానాతో సరిపెట్టనూ వచ్చు. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పే సూత్రమేదీ సెక్షన్‌లో లేదు.

9.2 వలస పాలన ఇచ్చిన జైలు

ఈ నేపథ్యాన్ని వేగంగా చూసి ముందుకు వెళదాం. మెకాలే 1835లో చేసిన సూచన మేరకు ఏర్పడిన జైళ్ల సంఘం 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీలకు చదువు చెప్పడం, సత్ప్రవర్తనకు బహుమానాలు ఇవ్వడం వంటివి అనవసరమని, విసుగు పుట్టించే కఠిన శ్రమే ఖైదీని దారికి తెస్తుందని ఆ సంఘం భావించింది. భారత శిక్షాస్మృతి 1860లో, జైళ్ల చట్టం 1894లో వచ్చాయి. జైలు ఉద్దేశాల్లో ఖైదీని సంస్కరించడం కూడా ఒకటని అధికారికంగా ఒప్పుకున్నది 1919-20 నాటి భారత జైళ్ల సంఘం. ఆ మాట నివేదికలో ఉండిపోయింది. 1894 చట్టం మాత్రం స్వాతంత్ర్యం తరవాత కూడా దశాబ్దాల పాటు కొనసాగింది. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం కావడం ఇందుకు ఒక కారణం. ఖైదీలకు ఓటు లేకపోవడం మరో కారణమని నా అభిప్రాయం.

మనిషిని చూడకుండా శిక్షించడానికి ఆ కాలపు పరాకాష్ఠ నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని నేరస్థుడిగా నమోదు చేసేవారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచిన ఆ ఊళ్లో హాజరు వేయించుకోకుండా పొలిమేర దాటడం కూడా నేరమే. పరిశ్రమ, బడి, దైవప్రార్థన ఇవన్నీ అక్కడ సంస్కరణ పేరుతోనే జరిగాయి. 'సంస్కరణ' అనే మాట ఎక్కడ కనిపించినా ఎవరిని, ఎవరు, ఏ అధికారంతో సంస్కరిస్తున్నారని అడగడం చరిత్ర విద్యార్థిగా మీరు అలవరచుకోవలసిన పద్ధతి. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూడడం చాలా కాలం పోలేదు.

9.3 హైదరాబాదు, 1951

నిజాం రాజ్యంలో న్యాయ వ్యవస్థ వేరుగా ఉండేది. భారత శిక్షాస్మృతి హైదరాబాదుకు 1951లో వర్తించింది. ఆ మార్పు జరుగుతున్న నెలల్లోనే తెలంగాణ రైతాంగ పోరాటంలో అరెస్టయిన పన్నెండు మంది ఉరికంబం నీడలో ఉన్నారు. 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు వారికి మరణశిక్ష విధించాయి. వారి అర్జీలు కొత్తగా ఏర్పడిన సుప్రీంకోర్టుకు వెళ్లాయి. చట్ట గ్రంథాల్లో 'జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం' అనే పేరుతో కనిపించేది ఈ వ్యాజ్యమే. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి ఖైదీల తరఫున వాదించారు. విచారణ సవ్యంగా సాగలేదన్న వాదనతో కోర్టు ఏకీభవించలేదు, 1951 మార్చిలో అర్జీలను కొట్టివేసింది. దేశవిదేశాల్లో ఆందోళన జరిగింది. చివరికి ఆ పన్నెండు మందిలో ఎవరినీ ఉరితీయలేదు. శిక్షలు యావజ్జీవంగా మారాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కోర్టు కాపాడలేకపోయిన ప్రాణాలను ప్రభుత్వ క్షమాధికారం కాపాడింది. ఆ అధికారం కదలడానికి బయట పెద్ద ఉద్యమం కావలసి వచ్చింది. ఉద్యమం లేని మామూలు ఖైదీ సంగతి ఏమిటి? అదే కాలంలో జైలు జీవితం గడిపిన వట్టికోట ఆళ్వారుస్వామి తన 'జైలు లోపల' కథల్లో పట్టించుకున్నది ఆ మామూలు ఖైదీలనే. రాజకీయ ఖైదీలు జైలులో తమ గురించి తాము రాసుకున్నవి మనకు చాలా ఉన్నాయి. పక్క బ్యారక్‌లోని దొంగను, హంతకుడిని మనుషులుగా చూసి రాసినవి తక్కువ. ఈ కోర్సు చేస్తున్నవారు ఆ పుస్తకాన్ని చదవడం మంచిది.

9.4 అన్నమ్మ, భూమయ్య, కిష్టాగౌడ్, గియాసుద్దీన్

1974 నుంచి 1977 వరకు నాలుగేళ్లు మన అంశానికి కీలకం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మూడు కేసుల్లో ఒకే న్యాయమూర్తి, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, తీర్పులు రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే శిక్షా సంస్కరణ ఎంత దూరం వెళ్లగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో రెండూ తెలుస్తాయి.

మొదటిది 'ఈడిగ అన్నమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం'. తీర్పు తేదీ 1974 ఫిబ్రవరి 11. ఒక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపిన నేరానికి అన్నమ్మకు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. నేరం ఘోరమైనది, సందేహం లేదు. సుప్రీంకోర్టు కూడా ఆమె నేరాన్ని తక్కువ చేసి చూపలేదు. అయితే శిక్ష దగ్గరికి వచ్చేసరికి కోర్టు మరో వైపు చూసింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అత్తవారింటి నుంచి కొట్టి గెంటేస్తే ఒక్కగానొక్క బిడ్డతో పుట్టింట తలదాచుకుంటున్న మనిషి. ఉరి ఎప్పుడు పడుతుందోనన్న భయంతో ఏళ్లు గడిపింది. ఇవన్నీ కలిపి చూసి మరణశిక్షను యావజ్జీవంగా మార్చింది.

ఈ తీర్పు విలువ అర్థం కావాలంటే దాని ముందున్న చట్టం తెలియాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హత్యకు ఉరి వేయకపోతే, ఎందుకు వేయలేదో న్యాయమూర్తి కారణాలు రాయాలి. అంటే ఉరే మామూలు శిక్ష. 1955 సవరణతో ఆ నిబంధన పోయింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ దాన్ని పూర్తిగా తిరగేసింది. 354(3) సెక్షన్ ప్రకారం ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు చెప్పాలి. 235(2) సెక్షన్ మరో కొత్త మెట్టు చేర్చింది. నేరం రుజువయ్యాక, ఎంత శిక్ష వేయాలన్న విషయంపై నిందితుడి మాట విడిగా వినాలి. అన్నమ్మ తీర్పు ఈ కోడ్ అమల్లోకి రావడానికి కొన్ని వారాల ముందే వచ్చింది. రాబోయే చట్టం తీరును కోర్టు ముందే అందుకున్నదని చెప్పవచ్చు. 1980లో బచన్ సింగ్ కేసులో 'అరుదైనవాటిలో అరుదైన' సందర్భాల్లోనే ఉరి అనే సూత్రం స్థిరపడింది. ఆ చర్చలో అన్నమ్మ తీర్పు కూడా ఉంది.

రెండో కేసు ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లది. నక్సల్బరీ ప్రభావంతో సాగిన పోరాటంలో భూస్వామి హత్య కేసులో వారికి ఉరి పడింది. తాము సొంత లాభానికి కాక రాజకీయ విశ్వాసంతో పనిచేశామని, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా క్షమాభిక్షను తిరస్కరించారని వారి వాదన. 1975 నవంబరులో ఈ అర్జీ కూడా కృష్ణయ్యర్ ముందుకే వచ్చింది. మరణశిక్ష పట్ల ఆయనకున్న విముఖత అందరికీ తెలుసు. అయినా రాష్ట్రపతి క్షమాధికారాన్ని కోర్టు తన చేతుల్లోకి తీసుకోలేదని చెప్పి అర్జీని కొట్టివేశారు. అది అత్యవసర పరిస్థితి కాలం. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. అవుట్ పేషెంట్ చీటీ కోసం వరుసలో నిలబడినవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎంతమందో!

అన్నమ్మ విషయంలో మనిషిని చూసిన న్యాయమూర్తే ఏడాదిన్నర గడిచాక ఇక్కడ ఎందుకు చూడలేదు? ఆయన మనసు మారలేదు. కేసు వచ్చిన దారి మారింది. అన్నమ్మది అప్పీలు, శిక్షను తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. వీరిది అన్ని అప్పీళ్లూ అయిపోయాక వచ్చిన అర్జీ. తెలంగాణ పన్నెండు మంది విషయంలో పనిచేసిన ప్రభుత్వ దయ 1975లో పనిచేయలేదు. ఒకరి ప్రాణం కేసు ఏ మెట్టు మీద, ఏ సంవత్సరంలో, ఎవరి ముందుకు వచ్చిందన్న దానిపై ఆధారపడిందంటే, వ్యవస్థలో ఏదో లోపించినట్టే.

(ఆలోచించండి: తెలంగాణ రైతాంగ ఖైదీల శిక్షలు మారడానికి, భూమయ్య, కిష్టాగౌడ్‌ల శిక్షలు మారకపోవడానికి అప్పటి రాజకీయ పరిస్థితుల్లో కనిపించే తేడాలు ఏవి?)

మూడోది మరణశిక్ష కేసు కాదు. అందుకే దీన్ని ఎక్కువమంది మరచిపోతారు. నా దృష్టిలో మీలో చాలామందికి ఉపయోగపడేది ఇదే. 'మహమ్మద్ గియాసుద్దీన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం', 1977. ఉద్యోగాలు ఇప్పిస్తామని చెప్పి నిరుద్యోగ యువకుల దగ్గర తలా 1,200 రూపాయలు తీసుకొని మోసం చేసిన కేసు. ఇటువంటి కేసు ఇవాళ కూడా ఏదో ఒక పోలీసు స్టేషన్‌లో నమోదవుతూనే ఉంటుంది. మూడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న శిక్ష ఎంత అన్నది మాత్రమే.

కృష్ణయ్యర్ ఆ చిన్న ప్రశ్న మీద పెద్ద తీర్పు రాశారు. శిక్ష వేయాలంటే ఆ మనిషి వయసు, చదువు, కుటుంబం, పాత నడవడిక, మారే అవకాశం ఇవన్నీ కోర్టు ముందు ఉండాలి. ప్రాసిక్యూషన్ వాటిని తేలేదు, నిందితుడి వకీలూ తేలేదు, కోర్టు అడగలేదు. శిక్షను 18 నెలలకు తగ్గించారు. జైలులో అతనికి యాంత్రికమైన పని కాకుండా బుద్ధికి పనిపెట్టే పని ఇవ్వాలని, కూలి చెల్లించాలని చెప్పారు. 1,200 రూపాయల జరిమానా విధించారు. జైలును చికిత్స జరిగే చోటుగా చూడడం ఈ తీర్పులో బలంగా కనిపిస్తుంది. ఈ దృష్టిని నేను పూర్తిగా ఒప్పుకోను. నేరస్థులందరినీ రోగులుగా చూస్తే, మోసపోయిన ఆ నిరుద్యోగుల బాధ ఎక్కడో వెనక్కి పోతుంది. ఆకలితో దొంగిలించినవాడికి కావలసింది చికిత్స కాదు, పని. అయినా శిక్ష వేసే ముందు సమాచారం సేకరించాలన్న ఆయన పట్టుదల మాత్రం కాదనలేనిది.

9.5 సేకరించేవారు ఎవరు?

సరిగ్గా ఇక్కడే కథ ఆగింది. మనిషిని చూడాలని తీర్పు చెప్పింది. ఎవరు వెళ్లి చూసి రావాలి? ఆ మనిషి ఊరికి పోయి, ఇంటివారితో, బడి పంతులుతో, పని ఇచ్చిన ఆసామితో మాట్లాడి నివేదిక రాసే మనుషులు కావాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఆ పనికి ప్రొబేషన్ అధికారులను ఊహించింది. ఇరవై ఒక్క ఏళ్లలోపు వారిని జైలుకు పంపే ముందు వారి నివేదిక తెప్పించుకొని చూడాలని 6వ సెక్షన్ చెబుతోంది. చట్టం మంచిది. ఆచరణలో తీర్పు, శిక్ష రెండూ ఒకే పూట ముగిసే కేసులు లెక్కలేనన్ని. "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అని జడ్జి అడగడం, "ముసలి తల్లి ఉంది, దయ చూపండి" అని నిందితుడు అనడం, గుమస్తా ఆ వాక్యం రాసుకోవడం. చాలాచోట్ల 235(2) సెక్షన్ ఈ రెండు నిమిషాలకు కుదించుకుపోయింది.

ప్రభుత్వం నియమించిన సంఘాలు ఈ లోపాన్ని గుర్తించాయి. 1980 నుంచి 1983 వరకు పనిచేసిన జస్టిస్ ముల్లా కమిటీ జైళ్ల గురించి విపులమైన నివేదిక ఇచ్చింది. 2003లో మలిమఠ్ కమిటీ శిక్షలకు మార్గదర్శక సూత్రాలు కావాలని సూచించింది. అవి రాలేదు. ఇంగ్లండులో ఇటువంటి సూత్రాలు తయారుచేసే మండలి ఉంది. అమెరికాలో ఫెడరల్ కోర్టుల కోసం 1980లలో పట్టికలే తయారయ్యాయి. ఆ పట్టికలు న్యాయమూర్తి చేతులు కట్టేసి శిక్షలను విపరీతంగా పెంచాయన్న విమర్శ అక్కడే వచ్చింది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు వాటిని సలహాప్రాయంగా మార్చింది. కనుక పట్టిక ఒక్కటే పరిష్కారమని మనం అనుకోనక్కరలేదు. మన దేశంలో ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుడి జీవితం, మానసిక స్థితి, జైలు నడవడిక మీద నివేదికలు తప్పక తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నమ్మ తీర్పుకు, దీనికి మధ్య 48 ఏళ్లు. దొంగతనం కేసులో మూడేళ్లు పడిన మనిషికి ఇప్పటికీ ఆ ఏర్పాటు లేదు.

9.6 గోడల లోపల

శిక్ష పడ్డాక మనిషికి ఏ హక్కులు మిగులుతాయి? దీని మీద కూడా మన ప్రాంతపు కేసులే మొదట దారి వేశాయి. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు, గోడల మీద కరెంటు తీగ అమర్చడాన్ని సవాలు చేశారు. 1974లో 'భువన్ మోహన్ పట్నాయక్' కేసులో సుప్రీంకోర్టు, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పింది. అటువంటి ప్రాణాంతకమైన తీగకు ఏ చట్టంలోనూ ఆధారం లేదని తేల్చింది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద ప్రత్యర్థులు బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా కాపలా సరిగా పెట్టలేదు. ఆయన కుటుంబానికి ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. సార్వభౌమాధికారం పేరు చెప్పి రాజ్యం తప్పించుకోలేదన్నది ఆ 'చల్లా రామకృష్ణారెడ్డి' తీర్పు సారం. న్యాయం సరే, అందడానికి 23 ఏళ్లు పట్టింది.

ఖైదీ చేసే పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో కొంత భాగం బాధితులకు కేటాయించాలన్న ఆలోచన కూడా ఆ తీర్పులో ఉంది. గియాసుద్దీన్ తీర్పులో కనబడని బాధితుడు ఇక్కడ కనిపిస్తాడు. చర్లపల్లిలోను, అనంతపురంలోను ఉన్న ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు ఈ దృక్పథానికి మన దగ్గరి ఉదాహరణలు. ఎత్తు గోడలు లేకుండా, నమ్మకం మీద నడిచే జైళ్లు అవి. అయితే సత్ప్రవర్తన చూపిన, ఎక్కువ కాలం శిక్ష అనుభవించిన కొద్దిమందికే అక్కడ చోటు దొరుకుతుంది.

9.7 విడుదల ఎవరి చేతిలో

శిక్ష మొదట్లో కోర్టు చూడకపోయినా, చివర్లో ప్రభుత్వం మనిషిని చూసే వీలుంది. రెమిషన్, పెరోల్, క్షమాభిక్ష అందుకే ఉన్నాయి. 1978లో చేర్చిన 433-ఎ సెక్షన్, ఉరిశిక్షకు అవకాశం ఉన్న నేరాల్లో యావజ్జీవం పడినవారు కనీసం పద్నాలుగేళ్లు లోపల ఉండాల్సిందేనని గీత గీసింది. గవర్నరు, రాష్ట్రపతులకు రాజ్యాంగం ఇచ్చిన అధికారానికి ఆ గీత అడ్డు రాదు. ఈ అధికారం రెండు విధాలుగా వాడడం మనం చూశాం. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనమై 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకుల శిక్షను రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ కాలంలో యావజ్జీవంగా మార్చారు. పౌరహక్కుల సంఘాలు, రచయితలు ఊరూరా తిరిగి చేసిన ప్రచారం దాని వెనక ఉంది. 2006లో 'ఏపూరు సుధాకర్' కేసులో మరో పార్శ్వం బయటపడింది. ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అన్న మాట అధికారుల నివేదికలోకి ఎక్కింది. సుప్రీంకోర్టు ఆ శిక్ష తగ్గింపును రద్దు చేసింది. క్షమాధికారాన్ని కులం, మతం, రాజకీయం చూసి వాడకూడదని, అలా వాడితే కోర్టు పరిశీలించవచ్చని చెప్పింది. భూమయ్య, కిష్టాగౌడ్‌ల కాలంలో కోర్టు వెళ్లడానికి వెనుకాడిన చోటికి ఇంతకాలానికి కొంత ముందుకు వచ్చిందన్నమాట.

9.8 శిక్ష పడకుండానే శిక్ష

ఇంతసేపూ శిక్ష పడినవారి గురించి మాట్లాడుకున్నాం. జైళ్లలో వారే తక్కువ. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉండవలసింది 4,36,266 మంది. ఉన్నవారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైగా. నేరం రుజువు కాకుండానే, బెయిలుకు జామీను ఇచ్చేవారు లేక లోపల ఉన్నవారు వీరిలో ఎంతోమంది. 1979లో బీహారు ఖైదీల హుస్సేనారా ఖాతూన్ కేసుతో ఈ విషయం దేశం దృష్టికి వచ్చింది. గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపినవారిని విడుదల చేయాలని 2005 సవరణ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్, మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి దాన్ని మూడో వంతుకు తగ్గించింది. మరణశిక్షకు, యావజ్జీవానికి వీలున్న నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా వర్తించదు. అదే రోజు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, చిన్న నేరాలకు సమాజసేవను ఒక శిక్షగా మొదటిసారి చేర్చింది. తొలిసారి అయిదు వేల రూపాయల లోపు విలువైన సొత్తు దొంగిలించి తిరిగి ఇచ్చేసినవారికి ఇది వర్తిస్తుంది.

హిమాయత్ సాగర్‌లో ప్రశ్న వేసిన ఎస్సైకి నేనిచ్చిన జవాబు చిన్నది. మీరు రాసే కేసు డైరీలో నేరం ఎలా జరిగిందో ఉంటుంది, చేసినవాడు ఎవరో రెండు పేజీలు రాసేవారు ఎవరూ లేరు, అది ఉంటే ఆరు నెలలో ఆరేళ్లో జడ్జి చెప్పే కారణం మీకూ అర్థమవుతుంది అన్నాను. అతనికి అది నచ్చినట్టు లేదు.

జైలులోని విద్యార్థికి గియాసుద్దీన్ కేసు గురించి చెప్పాను. "నేరం ఒప్పుకుని, శిక్ష ఒక్కటే తగ్గించమని అప్పీలు చేయొచ్చా సార్?" అని అడిగారు. చేయవచ్చు, ఆ కేసులో జరిగింది అదే, ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవా సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది అన్నాను. మెజిస్ట్రేటు కోర్టు శిక్ష మీద సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి గడువు 30 రోజులు. ఆయనకు శిక్ష పడి అప్పటికి పదకొండు నెలలైంది. ఆలస్యానికి కారణాలు చూపి, మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పాను. ఆయన చరిత్ర నోట్సు వెనక అట్ట మీద కేసు పేరు, సంవత్సరం రాసుకున్నారు. 'దరఖాస్తు' అన్న మాట కింద రెండు గీతలు గీశారు.